శవవాహనమే అంబులెన్సుగా నడిచిన కాలం

మన పట్టణాలలో వైకుంఠ రథాన్ని మీరందరూ చూసే ఉంటారు. పాత లారీనో, మినీ వ్యానునో తీసుకొని వెనుక భాగాన్ని కోసి, నాలుగువైపులా అద్దాలు బిగించి, పైన గోపురం వంటి ఆకృతి కట్టి, పార్థివ దేహాన్ని ఉంచడానికి నడుమ ఒక ఎత్తైన వేదికను, బంధువులు కూర్చోవడానికి ఇరుపక్కలా బల్లలను అమరుస్తారు. అదే వీధిలో మరొక వాహనం నీలిదీపంతో, సైరన్‌తో ఆసుపత్రికి పరుగెడుతుంది. ఈ రెండింటినీ ఎవరూ పొరబడరు. కాని అమెరికాలో 1970ల వరకు వేలాది ఊళ్ళలో ఈ రెండు పనులనూ ఒకే వాహనం చేసేదని, రోగిని మోసుకుపోవడానికి వచ్చేవాడు అంత్యక్రియల నిర్వాహకుడేనని చెబితే మీకు వింతగా తోచవచ్చు. అత్యవసర వైద్య చరిత్రలో ఇంతకంటె బోధప్రదమైన అధ్యాయం లేదని నా అభిప్రాయం.

కథ గుర్రపు బండితో మొదలవుతుంది. పందొమ్మిదవ శతాబ్దంలో అక్కడి శవవాహనాలు నల్లని రంగు, చెక్కిన స్తంభాలు, ఇరుపక్కలా అద్దాలు, గుర్రాల తలలపై ఈకల కుచ్చులతో ఉండేవి. 1909లో షికాగోకు చెందిన లడ్లో అనే అంత్యక్రియల నిర్వాహకుడు ఒక మోటారు బస్సు చాసిస్ మీద గుర్రపు శవవాహనపు పైభాగాన్ని ఎత్తి పెట్టించాడు. మామూలు వాహనాన్ని శవవాహనంగా మార్చే విద్యకు అదొక తొలి ఉదాహరణ. అదే సంవత్సరం సిన్సినాటి నగరంలోని క్రేన్ అండ్ బ్రీడ్ సంస్థ మోటారు శవవాహనాన్ని తయారుచేసి అమ్మకానికి పెట్టింది. దాని పైకప్పు మీద ప్రాచీన రోమను ప్రముఖుడు సిపియో సమాధి నమూనాను ప్రతిష్ఠించారు. గోపురం కట్టాలనే కోరిక మనవారికే పరిమితం కాదన్నమాట!

ఆపై ఒహాయో రాష్ట్రం ఈ పరిశ్రమకు కేంద్రమయింది. లైమాలో సుపీరియర్, పిక్వాలో మిల్లర్-మీటియర్, సిన్సినాటిలో సేయర్స్ అండ్ స్కోవిల్ సంస్థలు పేరు గడించాయి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ చాసిస్‌కు బాడీ కట్టే పని మీకు తెలిసినదే. వీరి పనీ అటువంటిదే. కాడిలాక్ కంపెనీ ఈ అవసరం కోసమే ప్రత్యేకంగా పొడవైన, దృఢమైన చాసిస్‌ను వెనుక బాడీ లేకుండా పంపేది. 1959 నమూనాలో మామూలు కాడిలాక్ కారుకు ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరం 130 అంగుళాలు; ఈ ప్రత్యేక చాసిస్‌కు 156 అంగుళాలు. దానిమీద పైకప్పును, పక్క గోడలను, వెనుక తలుపును శిల్పిలా తీర్చేవారు. వెనుక కిటికీ ఉండవలసిన చోట ఎస్ అక్షరపు వంపుతో మెరిసే ఒక లోహపు కమ్మిని బిగించేవారు. గుర్రపు బండి కాలంలో మడతపెట్టే పైకప్పుకు ఆధారంగా ఉన్న కమ్మీకి అది అవశేషం. పని పోయింది, అలంకారం మిగిలింది.

కాడిలాక్ ఖరీదు భరించలేని చిన్న ఊరి నిర్వాహకుల కోసం చౌక రకం కార్లను సాగదీసి మార్చేవారూ ఉండేవారు. అటువంటి ఊళ్ళలోనే ఒక చిక్కు ఎదురయింది. నెలకు నాలుగైదు అంత్యక్రియలు జరిగే ఊరిలో అంత ఖరీదైన బండి మిగిలిన రోజులలో ఊరక పడి ఉంటుంది. ఇంకొక పక్క, మనిషిని పడుకోబెట్టి తీసుకుపోగల వాహనం ఆ ఊరిలో అదొక్కటే. అంత్యక్రియల సంస్థలో రాత్రింబవళ్ళు టెలిఫోను తీసే మనిషి ఉంటాడు, బరువు ఎత్తగల యువకులూ ఉంటారు. కనుక కాలు విరిగినా, గుండెపోటు వచ్చినా, కాన్పు నొప్పులు మొదలయినా జనం అక్కడికే కబురు పెట్టేవారు. నిర్వాహకుడు స్వల్ప రుసుముతోనో, ఉచితంగానో వెళ్ళేవాడు. ఆ కుటుంబంలో రేపెప్పుడైనా మరణం సంభవిస్తే తననే పిలుస్తారన్న ఆశ అతనికి ఉండేది. దీనిని దురాశ అని నేననను. ఊరికి ఆ సేవ చేయడానికి మరెవరూ ముందుకు రాలేదన్నది కూడ నిజమే. కాని రోగి బతికితే వచ్చేది కొద్దిపాటి రుసుము, చనిపోతే వచ్చేది పెద్ద బేరం. అటువంటివాని చేతిలో రోగిని పెట్టడం ఏ వైద్యునికీ నచ్చే ఏర్పాటు కాదు.

ఈ అవసరాన్ని గమనించిన బాడీ నిర్మాతలు ‘కాంబినేషన్ కారు’ అనే ఉమ్మడి వాహనాన్ని అందించారు. దాని నేర్పు చూడండి. శవపేటిక సులువుగా జారడానికి నేలపై రోలర్లు ఉంటాయి. వాటిని తిరగవేస్తే అడుగుభాగం పైకి వచ్చి నేల చదునవుతుంది, దానిమీద స్ట్రెచర్ నిలుస్తుంది. శవపేటికను కదలకుండా పట్టే మేకులను ఊడదీయవచ్చు. ఎస్ ఆకారపు కమ్మీ ఉన్న పలకను తొలగిస్తే కిటికీ బయటపడుతుంది. మడత కుర్చీని తెరిస్తే సహాయకుడు కూర్చోవచ్చు. పైన ఎర్రదీపం తగిలిస్తే శవవాహనం అంబులెన్సు అయిపోతుంది. మధ్యాహ్నం శ్మశానానికి వెళ్ళి వచ్చిన బండి సాయంత్రం ప్రమాద స్థలానికి పరుగెత్తడానికి సిద్ధమయ్యేది. 1984లో వచ్చిన ‘ఘోస్ట్‌బస్టర్స్’ చలనచిత్రంలో దయ్యాలను పట్టేవారు తిరిగే తెల్లని పొడవైన కారును మీ పిల్లలు చూసి ఉంటారు. అది 1959 నాటి మిల్లర్-మీటియర్ కాడిలాక్, ఈ వంశానికి చెందినదే.

ఈ ఏర్పాటు పల్లెటూళ్ళకే పరిమితం అనుకోకండి. డాలస్ మహానగరంలో 1963 నవంబరు 22న అధ్యక్షుడు కెనెడీ హత్యకు గురయినపుడు, పార్క్‌లాండ్ ఆసుపత్రి నుండి విమానాశ్రయానికి ఆయన శవపేటికను తీసుకువెళ్ళినది ఓనీల్ అనే అంత్యక్రియల సంస్థవారి కాడిలాక్ శవవాహనం. ఆరోజే కాల్పులకు గురయిన పోలీసు అధికారి టిప్పిట్‌ను ఆసుపత్రికి చేర్చినది మరొక అంత్యక్రియల సంస్థ అంబులెన్సు. రెండు రోజుల తరువాత నిందితుడు ఆస్వాల్డ్‌పై పోలీసు కార్యాలయంలోనే కాల్పులు జరిగినపుడు, కొన ఊపిరితో ఉన్న అతనిని అదే పార్క్‌లాండ్‌కు తరలించినది మళ్ళీ ఓనీల్ వారి అంబులెన్సే. లోకమంతా దూరదర్శినిలో చూసిన ఆ మూడు రోజులలో జరిగిన ఈ రాకపోకలు ఆనాటి డాలస్ వాసులకు వింతగా తోచలేదు.

వైద్యుని కంటితో ఆ వాహనం లోపలికి తొంగి చూద్దాము. శవానికి తలపైన చోటు అక్కరలేదు. అందువలన కప్పు తక్కువ ఎత్తులో, అందంగా వాలుగా ఉంటుంది. సహాయకుడు లోపల నిలబడలేడు, రోగి తలవైపుకు పోలేడు. శవానికి ప్రాణవాయువు అక్కరలేదు, నోటిలోని కఫాన్ని పీల్చి తీసే సాధనం అక్కరలేదు, రక్తస్రావాన్ని ఆపే కట్టు అక్కరలేదు. కనుక వీటికి అలమరలూ లేవు. చాలా చోట్ల రోగి పక్కన మనిషే ఉండేవాడు కాదు; వచ్చిన ఇద్దరూ ముందు సీట్లలోనే కూర్చునేవారు. వారికి తెలిసిన చికిత్స ఒక్కటే, వేగం. శవం కోసం తీర్చిన ఆకృతిలో ప్రాణమున్న మనిషిని పడుకోబెడితే అతనికి కూడ శవానికి దక్కే సేవే దక్కుతుంది.

1950ల వరకు దీనివలన పెద్ద తేడా లేదని వాదించవచ్చు, ఎందుకంటే దారిలో చేయగల చికిత్స కూడ స్వల్పమే. ఆ వాదనను రెండు ఆవిష్కరణలు చెరిపివేశాయి. ఒకటి, పీటర్ సఫార్ అనే మత్తువైద్య నిపుణుడు నిరూపించిన నోటితో నోటికి కృత్రిమ శ్వాస. రెండవది, 1960లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ప్రచురించిన పద్ధతి, అంటే ఛాతీ తెరవకుండా బయటినుంచి ఎదురు రొమ్మును నొక్కి రక్తప్రసరణను నిలిపి ఉంచడం. గుండె ఆగిన కొద్ది నిమిషాలలో ఈ పని మొదలుకాకపోతే మెదడు దెబ్బతింటుంది. అంటే చికిత్స ఆసుపత్రి గుమ్మం దగ్గర కాక, రోగి పడిపోయిన చోటనే మొదలు కావాలి. కప్పు తలకు తగులుతున్న బండిలో, రోగి మీదకు వంగడానికే చోటు లేనప్పుడు అది ఎట్లా సాధ్యం?

1966లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ‘ప్రమాద మరణాలు, అంగవైకల్యాలు’ అనే అంశంపై ఒక నివేదికను వెలువరించింది. 1965లో ప్రమాదాల వలన 1,07,000 మంది మరణించారని, దేశంలోని అంబులెన్సు సేవలలో సుమారు సగం 12,000 మంది అంత్యక్రియల నిర్వాహకుల చేతులలో ఉన్నాయని అది లెక్క చెప్పింది. యుద్ధభూమిలో గాయపడిన సైనికునికి నగర వీధిలో గాయపడిన పౌరునికంటె బతికే అవకాశం ఎక్కువ అన్న నిపుణుల మాటను కూడ అందులో పొందుపరచారు. వియత్నాంలో హెలికాప్టర్లు క్షతగాత్రులను శస్త్రచికిత్స శిబిరాలకు చేరుస్తున్న కాలమది.

అదే సంవత్సరం నవంబరులో పెన్సిల్వేనియా మాజీ గవర్నరు డేవిడ్ లారెన్స్ పిట్స్‌బర్గ్‌లో ఒక సభలో కుప్పకూలారు. ఆయనను ఆసుపత్రికి చేర్చినది పోలీసు వ్యాను. ఆయన కోలుకోలేదు. ఆ సంవత్సరమే పీటర్ సఫార్ ఆస్తమా వలన తన కూతురిని పోగొట్టుకున్నారు. ఎందరికో శ్వాస పోయడం నేర్పిన వైద్యునికి కలిగిన ఆ దుఃఖాన్ని మాటలలో పెట్టలేను. 1967లో ఆయన, పిట్స్‌బర్గ్‌లోని హిల్ డిస్ట్రిక్ట్ అనే పేద నల్లజాతీయుల పేటకు చెందిన ఫ్రీడమ్ హౌస్ సంస్థతో కలిసి పనికి పూనుకున్నారు. ఉద్యోగాలు దొరకని ఆ పేట యువకులకు సుమారు 300 గంటల శిక్షణ ఇచ్చారు. మెళకువతో శ్వాసమార్గాన్ని తెరవడం, గుండె స్తంభనకు చికిత్స చేయడం నేర్పారు. వాహనాన్ని కూడ సఫారే రూపొందించారు. పొడవైన కారును వదలి, సహాయకుడు రోగి తలవైపు కూర్చుని పనిచేయగల వ్యానును ఎంచుకున్నారు. 1974లో డాక్టర్ నాన్సీ కెరోలిన్ ఆ సేవకు వైద్య సంచాలకురాలై, ఆ అనుభవంతో పారామెడిక్‌లకు పాఠ్యగ్రంథం రాశారు. 1975లో నగరపాలక సంస్థ తన సొంత సేవను ప్రారంభించి ఫ్రీడమ్ హౌస్‌ను మూసివేయించింది. దేశానికే దారి చూపిన ఆ యువకులలో అనేకులకు కొత్త సేవలో తగిన స్థానం దక్కలేదు. అది అన్యాయమని చెప్పడానికి నేను సంకోచించను.

1973లో అత్యవసర వైద్య సేవల చట్టం వచ్చింది. 1974లో కేంద్ర ప్రభుత్వం అంబులెన్సు కొలతలను నిర్దేశించింది. ట్రక్కు ముందుభాగానికి పెట్టె అమర్చినది, వ్యాను, వ్యాను ముందుభాగానికి పెట్టె అమర్చినది అని మూడు రకాలను పేర్కొంది. ఆ జాబితాలో పొడవైన కారుకు చోటు లేదు. సహాయకులకు శిక్షణ తప్పనిసరి అయింది. ఖర్చు పెరగడంతో అంత్యక్రియల సంస్థలు ఒక్కొక్కటిగా ఈ సేవ నుండి తప్పుకున్నాయి. 1977లో కాడిలాక్ తన కార్ల పరిమాణాన్ని తగ్గించింది, ఆ దశాబ్దం చివరికి ఉమ్మడి వాహనం అంతరించింది. మిగిలినవాటిని ఇప్పుడు పాత కార్ల ప్రియులు మెరుగు పెట్టి దాచుకుంటున్నారు.

మన దగ్గర కథ తలక్రిందులుగా నడిచింది. అక్కడ శవవాహనం అంబులెన్సు అయితే, ఇక్కడ అంబులెన్సు శవవాహనమయింది. నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక తాలూకా ఆసుపత్రిలో ఉన్నది ఒకటే వ్యాను. రాత్రి మృతదేహాన్ని ఊరికి దింపి వస్తే, తెల్లవారుజామున డ్రైవరు పసుపు నీళ్ళతో కడిగి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించేవాడు. అయినా కాన్పు కష్టమైన ఒక అమ్మాయిని జిల్లా ఆసుపత్రికి పంపబోతుంటే, ఆమె అత్తగారు నా దగ్గరకు వచ్చి, “అయ్యా, రాత్రి ఈ బండిలోనే శవాన్ని తీసుకెళ్ళారటగా, ఇంకో బండి చూడరా?” అని అడిగింది. ఇంకో బండి లేదు. ఆమె భయాన్ని మూఢనమ్మకమని కొట్టివేయడం సులువు. మృతదేహాల వలన అంటువ్యాధులు వ్యాపిస్తాయన్న భయం చాలావరకు నిరాధారమే. ఎబోలా, కలరా వంటి కొన్ని వ్యాధులలో మాత్రమే ప్రత్యేక జాగ్రత్త అవసరం. క్రిమిసంహారక ద్రావణంతో వాహనాన్ని శుభ్రం చేస్తే చాలు. కాని అసలు చిక్కు ఆమె చెప్పనిది. ఆ వ్యాను రాత్రంతా శవంతో ముప్పై మైళ్ళు తిరుగుతుండగా ఆసుపత్రిలో మరెవరికైనా ప్రాణాపాయం వచ్చి ఉంటే ఎక్కించడానికి ఏముంది?

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ మొదలయినపుడు ఆ వాహనాలను ప్రాణరక్షణకే కేటాయించారు. అది సరియైన నిర్ణయం. కాని దానితో మరొక లోటు బయటపడింది. ఆసుపత్రిలో మనిషి చనిపోతే పేదవాడు శవాన్ని ఇంటికి ఎట్లా చేర్చుకోవాలి? ప్రైవేటు వాహనాలవారు అడిగినంత ఇచ్చుకోలేక శవాన్ని ఆటోలోనో, మోటారు సైకిలు మీదనో తీసుకుపోయినవారి వార్తలు మీరూ చదివారు. 2016 ఆగస్టులో ఒడిశాలోని కాలాహండి జిల్లాలో ఒక గిరిజనుడు భార్య మృతదేహాన్ని భుజాన వేసుకొని, ఏడుస్తున్న కూతురిని వెంటబెట్టుకొని సుమారు పది కిలోమీటర్లు నడిచిన దృశ్యం దేశాన్ని కలచివేసింది. ప్రభుత్వ ఆసుపత్రుల నుండి మృతదేహాలను ఉచితంగా ఇంటికి చేర్చడానికి ఆంధ్రప్రదేశ్‌లో మహాప్రస్థానం వాహనాలు, తెలంగాణలో పరమపద వాహనాలు ఏర్పడ్డాయి. మృతునికి ప్రత్యేక వాహనం ఉన్నపుడే అంబులెన్సు బతికి ఉన్నవారి కోసం ఖాళీగా ఉంటుంది.

మీకు రెండు మాటలు చెప్పవలసి ఉంది. ఇంటిలో ఎవరైనా స్పృహ తప్పి, శ్వాస ఆగి పడిపోతే వారిని కారు వెనుక సీటులో కుదించి ఆసుపత్రికి పరుగెత్తకండి. మెత్తని సీటు మీద, వంగడానికి చోటు లేని కారులో ఛాతీ నొక్కడం సాధ్యపడదు. ఒకరు 108కి ఫోను చేస్తుండగా మరొకరు గట్టి నేలమీద వెల్లకిల పడుకోబెట్టి, నిమిషానికి 100 నుండి 120 సార్లు ఎదురు రొమ్ము మధ్య బలంగా నొక్కుతూ ఉండాలి. ఇక ప్రభుత్వ ఆసుపత్రిలో మరణం సంభవిస్తే, బయట నిలిచిన ప్రైవేటు బండితో బేరం మొదలుపెట్టేముందు ఉచిత వాహనం గురించి ఆసుపత్రి కార్యాలయంలో అడగండి. పల్లెల నుండి వచ్చినవారిలో చాలామందికి అటువంటిది ఉందన్న సంగతే తెలియదు. పక్క మంచం వారికి మీరే చెప్పండి.