మచు పిచ్చు: శిథిలాలను చదవడం ఎలా?

ఒక శిథిల నగరం ముందు నిలబడినప్పుడు మీకు కలిగే మొదటి ప్రశ్నలు ఏమిటి? దీన్ని ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, ఎందుకు విడిచిపెట్టారు అని అడుగుతారు. ఆ ప్రజలు లిపిలో ఏమీ రాసిపెట్టకపోతే జవాబులు ఎక్కడ వెతకాలి? దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో ఉన్న మచు పిచ్చును ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

ఇన్కా సామ్రాజ్య రాజధాని కుస్కో, ఆండీస్ పర్వతాలలో సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. దానికి వాయవ్యంగా దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో, ఉరుబాంబ నది లోయకు పైన, రెండు శిఖరాల నడుమ ఉన్న గట్టు మీద మచు పిచ్చు ఉంది. దీని ఎత్తు 2,430 మీటర్లు. నేడు ఎక్కువ మంది సందర్శకులు లోయ దాకా రైలులో వచ్చి, అక్కడినుంచి బస్సులో కొండ ఎక్కుతారు. ఇన్కాల నాటి రాతిబాట మీద నాలుగు రోజులు నడిచి వచ్చేవారూ ఉన్నారు.

రాళ్ళు చెప్పే సాక్ష్యం

ఇన్కాలకు ఇనుప పనిముట్లు లేవు, చక్రాల బండ్లు లేవు. లెక్కలు భద్రపరచడానికి ‘కిపు’ అనే ముడుల తాళ్ళు వాడేవారు. అయినా ముఖ్యమైన కట్టడాలలో రాళ్ళను సున్నం అవసరం లేకుండా ఒకదానితో ఒకటి అతికేలా చెక్కారు. అయితే మీరు గోడలను చూసి ఆగిపోకండి, నేల కింద ఏముందో కూడా గమనించండి. ఇక్కడ ఏడాదికి సుమారు 2,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. అంత వానకు కొండచరియ జారిపోకుండా మెట్ల పొలాలు నిర్మించారు. పైన సాగుమట్టి, దాని కింద ఇసుక, కంకర, అడుగున పెద్ద రాళ్ళు పరిచి నీరు ఇంకే ఏర్పాటు చేశారు. కొండ ఊటనుంచి సుమారు 750 మీటర్ల కాలువ తవ్వి, 16 జలధారలకు నీరు పారించారు. ఐదు శతాబ్దాలు దాటినా నగరం నిలిచి ఉండటానికి కారణం ఇదే.

‘కనుగొన్నది’ ఎవరు?

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు హైరాం బింగ్‌హామ్ 1911 జూలై 24న మచు పిచ్చును కనుగొన్నాడని మీరు చదివి ఉంటారు. ఆ రోజు జరిగిందేమిటో చూడండి. అతనికి దారి చూపినవాడు మెల్చోర్ అర్తియాగ అనే స్థానిక రైతు. కొండ మీద రైతు కుటుంబాలు అప్పటికే ఆ పాత మెట్ల పొలాలలో పంటలు పండించుకుంటున్నాయి. అక్కడినుంచి శిథిలాల దాకా తీసుకువెళ్ళింది ఒక చిన్న పిల్లవాడు. గోడ మీద అగుస్తీన్ లిసార్రాగ అనే స్థానికుడు బొగ్గుతో రాసిన తన పేరు, 1902 అనే సంవత్సరం కనిపించాయి. బింగ్‌హామ్ ప్రపంచానికి మచు పిచ్చును పరిచయం చేశాడనడం సరైనది. తెలియని స్థలాన్ని కనుగొన్నాడనడం అక్కడి ప్రజలను చరిత్రనుంచి తొలగించడమే అవుతుంది.

మారిన నిర్ధారణలు

ఇన్కాల చివరి రాజధాని విల్కబాంబ ఇదేనని బింగ్‌హామ్ నమ్మాడు. అది ఎస్పిరితు పంపా అనే మరో చోట ఉందని తరువాతి పరిశోధకులు నిర్ధారించారు. తవ్వకాలలో దొరికిన ఎముకలలో ఎక్కువ భాగం స్త్రీలవేనని జార్జ్ ఈటన్ చెప్పడంతో, ఇది సూర్యదేవుని కన్యల నివాసమనే కథ పుట్టింది. తరువాత జాన్ వెరానో అవే ఎముకలను తిరిగి పరీక్షించి, స్త్రీ పురుషుల సంఖ్య ఇంచుమించు సమానమని తేల్చాడు. ఇది పచాకుతి చక్రవర్తి విడిది ఎస్టేటని, ఆ ఎముకలు అక్కడ పనిచేసినవారివని నేడు ఎక్కువ మంది చరిత్రకారులు భావిస్తున్నారు.

స్పానిష్ రచనల ఆధారంగా పచాకుతి 1438లో అధికారానికి వచ్చాడని, మచు పిచ్చు ఆ తరువాతే వెలసిందని అనుకునేవారు. రిచర్డ్ బర్గర్ బృందం 26 మంది అవశేషాలను రేడియో కార్బన్ పద్ధతిలో పరీక్షించి, ఇక్కడ సుమారు 1420 నుంచే జనం ఉన్నారని 2021లో ప్రకటించింది. విజేతలు రాసిన కాలక్రమాన్ని పాలితుల ఎముకలు సవరించాయన్నమాట. 1532లో స్పెయిన్ దండయాత్ర మొదలై సామ్రాజ్యం కూలడంతో, రాజపోషణ మీద ఆధారపడిన ఈ స్థలం నిర్జనమైంది.

బింగ్‌హామ్ తరలించిన వస్తువులు దాదాపు వందేళ్ళు యేల్‌లోనే ఉండిపోయాయి. పెరూ పట్టుబట్టడంతో 2010లో ఒప్పందం కుదిరి, అవి కుస్కో చేరాయి. తమ పూర్వుల ఆనవాళ్ళను చూడటానికి అక్కడి విద్యార్థులు ఇప్పుడు పరాయి దేశం వెళ్ళనక్కరలేదు.

శిథిలాలు తమంతట తాము మాట్లాడవు, వాటి తరఫున ఎవరో ఒకరు మాట్లాడతారు. మీరు ఏ శిథిలాన్ని చూసినా, ఏ చరిత్ర చదివినా, ఆ మాట్లాడుతున్నది ఎవరు, ఏ ఆధారంతో అని అడగండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మచు పిచ్చును బింగ్‌హామ్ ‘కనుగొన్నాడు’ అనడంలో ఉన్న లోపమేమిటి?
2. ఒకే ఆధారంనుంచి వేర్వేరు నిర్ధారణలు ఎలా వచ్చాయో ఎముకల ఉదాహరణతో వివరించండి.