చౌడుభూముల చరిత్ర

సబ్బు రాకమునుపు రజకులు చౌడుమన్నుతోనే బట్టలు ఉడుకబెట్టి తెల్లబరచెడివారు. ఏ దిబ్బ కారమో ఎరిగిన వారినే మన తొలి భూపరీక్షకులని నేనందును. బట్టకు మేలైన ఆ క్షారమే పైరుకు విషము.

1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. మిర్యాలగూడ, కోదాడ, మేళ్లచెరువు వైపు మెట్టలు మాగాణులైనవి. అయితే మురుగు పోవు దారి లేని పల్లమున ఊటనీరు పైకెక్కి, ఎండకు ఆవిరియై, ఉప్పును నేలపై విడుచును.

పాలచౌడైన మడిలో మంచినీరు నిలిపి తీసివేసిన చాలును. కారుచౌడు అటుల లొంగదు, జిప్సము వేయవలయును. అందలి కాల్షియము మట్టినంటిన సోడియమును వెడలగొట్టును, అది నీటితో దిగిపోవును. పిదప జీలుగ చల్లి, పూతవేళ కలియదున్నవలయును. ఇంత చేసినను దిగువరైతు మురుగుకాలువకు అడ్డుకట్ట వేసెనా, జిప్సము ఖర్చంతయు దండుగ. మట్టిని పరీక్షకు పంపునాడే ఆయనతో మాటాడుడు.