రంగం ఓడ

శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో పాతతరానికి రంగూన్ అంటే రంగమే. ‘రంగం పోయాడు’ అంటే ఇంటి మగవాడు ఓడెక్కాడని. ఎప్పుడొస్తాడో, అసలొస్తాడో రాడో ఆ మాట చెప్పదు. బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, కాకినాడ రేవుల నుంచి జనాన్ని ఎక్కించుకుని పొగఓడలు బంగాళాఖాతం దాటేవి. కూలివాడికి డెక్కు మీదే పడక, డెక్కు మీదే తిండి. గల్ఫ్ వీసాలకు, అమెరికా చదువులకు ఎంతో ముందే మన పల్లెను ప్రపంచ మార్కెట్‌కు కట్టిన తాడు ఆ ఓడ. ఆ తాడు ఎలా బిగిసిందో, ఎలా తెగిందో మన పాఠ్యపుస్తకాలు చెప్పవు. చెప్పి తీరవలసిన కథ అది.

1852లో ఇంగ్లీషువాళ్లు దిగువ బర్మాను ఆక్రమించుకున్నారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుని యూరప్ మార్కెట్‌కు దారి దగ్గరైంది. ఐరావతి డెల్టా అప్పటికి చాలావరకు అడవి, చిత్తడి. 1850ల నడుమ అక్కడ వరి సాగు దాదాపు 8 లక్షల ఎకరాలు. 1930ల నడుమకు అది 80 లక్షలు దాటింది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసే దేశంగా బర్మా మారింది. ఏటా సుమారు 30 లక్షల టన్నులు ఓడలకెక్కేవి. అడవి కొట్టి పొలం చేసింది బర్మా రైతు. అప్పు పెట్టింది తమిళనాట చెట్టినాడు నుంచి వెళ్లిన నాట్టుకోట్టై చెట్టియార్లు. పెద్ద మిల్లులు, ఓడలు తెల్లవాళ్లవి. బస్తా మోసిన వీపుల్లో చాలావరకు తెలుగువాళ్లవి.

రంగూన్‌లో తెలుగువాణ్ని ‘కోరంగీ’ అనేవారు. కోరంగి కాకినాడ పక్కన గోదావరి మొగలో ఉన్న పాత రేవు. 1839 తుపాను దాన్ని ఊడ్చేసింది. తరవాత రాకపోకలు కాకినాడకు మళ్లాయి. రేవు పోయినా దాని పేరు మాత్రం సముద్రం అవతల మన కూలివాడికి అతుక్కుని తరాలపాటు ఉండిపోయింది.

కూలీలను సమకూర్చేది మేస్త్రీ. ఊరికొచ్చి బయానా చేతిలో పెట్టేవాడు, ఓడ ఖర్చు తనే భరించేవాడు, ఆ తరవాత అదంతా కూలిడబ్బుల్లో కోసుకునేవాడు. కంపెనీ దొరకు కూలివాడి పేరు తెలియదు, మేస్త్రీయే తెలుసు. బాకీ తీరేదాకా కూలీ మేస్త్రీ మనిషే. రేవులో బస్తాలు మోయడం, మిల్లులో ధాన్యం ఎత్తడం, రిక్షా లాగడం, పాకీ పని ఇవీ మనవాళ్ల కొలువులు. 1927 ఒక్క ఏడాదిలోనే 4 లక్షల పైచిలుకు మంది వలసగా రంగూన్‌లో దిగారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనం 4 లక్షలు, అందులో సగానికి పైగా భారతీయులు. బర్మావాడు తన రాజధానిలో తానే మైనారిటీ అయ్యాడు. అతని కోపాన్ని తప్పని కొట్టిపారేయడం నాకు చేతకాదు.

ధర ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి. నాలుగు పెద్ద బ్రిటిష్ మిల్లు కంపెనీలు 1921లో కూటమి కట్టాయి. ధాన్యం ఏ ధరకు కొనాలో తమలో తాము పోటీ పడకుండా చూసుకోవడానికే ఆ ఏర్పాటు. 1929లో న్యూయార్క్‌లో షేర్లు కూలాయి. 1930 జూన్‌లో అమెరికా సుంకాల గోడ ఎత్తింది. మిగతా దేశాలూ తలుపులు వేసుకోసాగాయి. చూస్తుండగానే బర్మాలో ధాన్యం ధర సగానికి దిగజారింది.

ధర పూర్తిగా కూలకముందే రేవులో నెత్తురు పారింది. 1930 మే నెలలో తెలుగు ఓడకూలీలు కూలి పెంచమని పని ఆపేశారు. కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను తెచ్చిపెట్టాయి. పని దొరికిందని వాళ్లు సంతోషించారు. ఇంతలో సమ్మె రాజీ అయింది. మే 26 పొద్దున బర్మా కూలీలు రేవుకొచ్చేసరికి తెలుగువాళ్లు మళ్లీ పనిలో ఉన్నారు, ఇక మీ అవసరం లేదు పొమ్మన్నారు. ఆకలితో వచ్చినవాళ్లను ఒట్టి చేతులతో వెనక్కి పంపితే ఏమవుతుందో అదే అయింది. కత్తులు, కర్రలు, ఇనపకొక్కేలు లేచాయి. రోజుల తరబడి సాగిన ఆ అల్లర్లలో వంద మందికి పైగా చచ్చిపోయారు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. రాజీ రాసుకున్న కంపెనీలవాళ్లెవరికీ గాయం కాలేదు.

ఆ డిసెంబరులో తరావడీ జిల్లాలో సయా సాన్ నాయకత్వంలో రైతులు తిరగబడ్డారు. మరుసటి ఏడాది ఆయన్ను ఉరితీశారు. అప్పు కట్టలేని రైతుల పొలాలు చెట్టియార్ల పేరు మీదికి మారాయి. దిగువ బర్మాలోని 13 ముఖ్య వరి జిల్లాల్లో వాళ్ల చేతిలోని భూమి 1930లో 6 శాతం, 1938 నాటికి 25 శాతం. నిజానికి వాళ్లకు కావలసింది వడ్డీ, భూమి కాదు. భూమి చేతికి రావడంతోనే బర్మా రైతు కళ్లకు దోపిడీదారులయ్యారు.

1937లో బర్మా, ఇండియా నుంచి విడిపోయింది. 1938లో మళ్లీ అల్లర్లు. 1941లో వలసల మీద ఆంక్షల ఒప్పందం. అదే ఏడాది డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు కురిపించాయి. 1942 మార్చి 8న నగరం పడిపోయింది. ఓడ టిక్కెట్టు దొరికిన భాగ్యవంతులు పోగా, కాలినడకన అరకాన్ కొండలమీదుగా, సరిహద్దు ఊరు తము మీదుగా మణిపూర్ వైపు లక్షలమంది కదిలారు. కలరా, మలేరియా, ఆకలి దారి పొడవునా పాడె కట్టాయి. రంగూన్ బియ్యం రాక ఆగడం మరుసటి ఏడాది బెంగాల్ కరవును ఇంకా ముదిరేలా చేసిన కారణాల్లో ఒకటి.

కొందరు ఉండిపోయారు. యుద్ధం అయ్యాక కొందరు తిరిగి వెళ్లారు. 1964లో సైనిక పాలకుడు నె విన్ ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసింది, 50, 100 చాట్‌ల నోట్లు రద్దు చేసింది. అప్పుడు మళ్లీ ఓడలు నడిచాయి, ఈసారి ఇటువైపుకు. పుట్టి పెరిగిన ఊరు విడిచి, కొద్దిపాటి సామానుతో దిగిన తెలుగు కుటుంబాలు కొన్ని విశాఖలో కుదురుకున్నాయి. కంచరపాలెం వైపు వెళ్లి ఆటోవాణ్ని అడగండి, బర్మా క్యాంపు ఎక్కడో చూపిస్తాడు.