స్లాలమ్ స్కేట్‌బోర్డు డెక్

వరుసగా నిలిపిన కోన్‌ల మధ్య మెలికలు తిరుగుతూ సాగే పందెంలో ఆటగాడు నిలబడే బల్ల. వీధి విన్యాసాల బోర్డును సాధారణంగా ఏడు పొరల మేపుల్ చెక్కతో గట్టిగా చేస్తారు. స్లాలమ్ డెక్ మాత్రం కాలి ఒత్తిడికి వంగి, వెంటనే పైకి లేవాలి. 1970లలో పాలీయురెథేన్ చక్రాలు వచ్చి నేలమీద పట్టు పెరిగాక కాలిఫోర్నియాలో ఈ పందేలు ఊపందుకున్నాయి. గోర్డన్ అండ్ స్మిత్ వారి ఫైబర్‌ఫ్లెక్స్, టర్నర్ సమ్మర్‌స్కీ ఆనాటి పేరున్న డెక్‌లు.

తయారీలో అసలు కీలకం బల్ల మధ్యభాగాన్ని కాస్త పైకి ఉబికేలా అచ్చులో బిగించడం. మలుపు మలుపుకూ ఆటగాడు బరువు మోపి తీస్తూ, కాలు నేలకు ఆనించకుండానే వేగం పుంజుకుంటాడు. కాబట్టి ఆ ఉబుకు అతని బరువుకు సరిపోవాలి. నిలువునా వంగే గుణం ఎంత అవసరమో, అడ్డంగా మెలిపడకపోవడం అంతకంటే అవసరం. లేకుంటే పాదం చెప్పింది చక్రానికి ఆలస్యంగా అందుతుంది. అందుకే చెక్క లేదా ఫోమ్ నడిమిపొరకు పైనా కిందా గాజునార, కార్బన్ నార పరిచి, కొన్ని పొరలను ఏటవాలుగా వేసి ఎపాక్సీతో అతికిస్తారు. చక్రాలు రాసుకోకుండా అంచులు చెక్కుతారు. ముందు ట్రక్కు (చక్రాలను పట్టే ఇరుసు) ఎక్కువగా, వెనుకది తక్కువగా తిరిగేలా కింద ఏటవాలు దిమ్మెలు బిగిస్తారు.

పల్నాడులో, ముఖ్యంగా ఎండలకు పేరుమోసిన రెంటచింతల వైపు, ఈ డెక్ చేసేవారు ఎపాక్సీ ఎంపికే ముందు చూసుకోవాలి. వేడిచేసి గట్టిపరచని మామూలు రకం మండుటెండలో మెత్తబడి, బల్ల ఉబుకు పోవచ్చు.