సాక్షి వ్యాసములు: పత్రికారచన చిరస్థాయి యైన విధము

వార్తాపత్రికకు ఆయుర్దాయ మొక్క దినము. ఉదయమున వేడివేడిగాఁ జదువఁబడిన కాగితము సాయంకాలమునకు పచారుకొట్టులో పొట్లమగుట మన మెల్లర మెఱిఁగినదే. అట్టి పత్రికలకై వ్రాయఁబడిన వ్యాసములు నూఱేండ్లు గడచిన పిమ్మటను చదువరులను నవ్వించుచు, నవ్వు ముగిసినంతనే ఆలోచింపఁ జేయుచున్నవనిన, అందలి విశేషమేమో విచారింపఁదగినది. పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి 'సాక్షి' అట్టి గ్రంథము. దాని చరిత్రమును సంఘసోదరులకును, పోషకమహాశయులకును సంగ్రహముగా మనవిచేయఁ దలఁచినాము.

పానుగంటివారు 1865లో జన్మించి 1940లోఁ బరమపదించిరి. వారు ఉపాధ్యాయులుగను, సంస్థానములందు దివానుగను పనిచేసి, తుదకుఁ బిఠాపుర సంస్థానమున ఆస్థానకవులైరి. 'పాదుకాపట్టాభిషేకము', 'కంఠాభరణము' మొదలగు నాటకములు వ్రాసి, ఏ పాత్రచేత ఏ మాట పలికించిన సభ కదలునో చక్కఁగా నెఱిఁగిరి. పాఠశాల, కచేరి, రాజాస్థానము, నాటకశాల అను నాలుగింటిని లోపలినుండి చూచిన యీ యనుభవమే సాక్షికిఁ బెట్టుబడి యయ్యెను.

ఈ రచనకు మార్గము చూపినది ఇంగ్లాండున ఆడిసన్, స్టీలు అను మిత్రులు నడపిన 'స్పెక్టేటరు' పత్రిక. అది 1711వ సంవత్సరము మార్చి 1వ తేదీన ఆరంభమై 1712 డిసెంబరు వఱకు 555 సంచికలు వెలువడెను. 1714లో మరల కొంతకాలము నడచెను. అందొక కల్పితగోష్ఠి కలదు. పల్లెటూరి ప్రభువు, వర్తకుఁడు, సైనికుఁడు మొదలగువారు అందు సభ్యులు. మాటలాడక అన్నియుఁ జూచుచుండు ప్రేక్షకుఁడు వ్రాయసకాఁడు. పానుగంటివారు ఈ పద్ధతిని గ్రహించి 'సాక్షిసంఘము'ను గల్పించిరి. సాక్షి, జంఘాలశాస్త్రి, కాలాచార్యుఁడు, వాణీదాసు, బొఱ్ఱయసెట్టి అనువారు దాని సభ్యులు. ఎరువు తెచ్చినది చట్టము మాత్రమే. అందుఁ గూర్చుండినవారు మన వీథివారు, వారి వాదము మన అరుఁగులమీఁది వాదము. ఆడిసనుగారి నవ్వు పెదవి దాఁటదు. జంఘాలశాస్త్రి ఉపన్యాసము వీథి చివరకు వినఁబడును.

ఈ వ్యాసములు మొదట 1913 ప్రాంతమున 'సువర్ణలేఖ'యందును, 1920 తరువాత 'ఆంధ్రపత్రిక'యందును బ్రకటింపఁబడినవి. ఆంధ్రపత్రిక కాశీనాథుని నాగేశ్వరరావుగారిచే 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపింపఁబడి, 1914లోఁ జెన్నపురినుండి దినపత్రిక యైనది. దానిమూలమున సాక్షి ఆంధ్రదేశపు మారుమూలలకుఁ బ్రవేశించెను. పిదప వ్యాసములు ఆఱు సంపుటములుగా వెలువడినవి.

ఇంతకు పూర్వము వీరేశలింగముపంతులుగారు 1874లో 'వివేకవర్ధని'ని స్థాపించి దురాచారములను వెక్కిరించియే యుండిరి. కాని పంతులుగారి హాస్యము తప్పుచేసినవాని వీఁపున పడు బెత్తము. పానుగంటివారి హాస్యము మనచేతికిచ్చిన అద్దము. తెలుగువాఁడై పుట్టి తెలుగున నాలుగు మాటలు చెప్పఁజాలనని సభలోఁ జెప్పుకొనుటకు సిగ్గుపడని విద్యాధికుఁడు వారికి చిక్కినాఁడు. అట్టివానిని దూషించిన నతఁడు కోపించును. జంఘాలశాస్త్రి చేసినట్లు వాని గొప్పను వానికే వర్ణించి చూపిన, వాఁడును నవ్వవలసినవాఁడే. నవ్విన పిదప మునుపటివలె నుండుట కష్టము.

ఇంక శైలి. భాష గ్రాంథికమే గాని నడక మాటలాడువానిది. ఒక్క విషయమును పది పోలికలతోఁ బేర్చి, వినువాఁడు ఊపిరి తీయులోపల పదునొకండవది విసరుట వారి యలవాటు. కంటితోఁ జదివిన నిది పునరుక్తివలెఁ దోఁచును. నలుగురిలో బిగ్గరగాఁ జదివిన, మద్దెలమీఁది తీర్మానమువలె నుండును. వీనికి దీర్ఘాయువొసఁగినది ఈ వినికిడి గుణమే యని మా యభిప్రాయము. వార్త పాఁతదగును, మనిషి గొంతు పాఁతదగునా?

అట్లని దోషములు లేవనుట స్తోత్రమగును గాని చరిత్రము గాదు. కొన్ని వ్యాసములు నిడివి మీఱినవి. కొన్ని యభిప్రాయములను నేఁటివారు అంగీకరింపరు. వ్యావహారికభాషకై పోరాడిన గిడుగు రామమూర్తిపంతులుగారును ఆ 1940లోనే గతించిరి. పిదపఁ బత్రికలు పంతులుగారి త్రోవనే పట్టినవి. అందుచేత సాక్షి భాష నేఁటి బాలురకు దూరమైనది. హాస్యము సజీవమే, దానిని జేరు మెట్లు మాత్రము శిథిలమైనవి.

మన సభలతో దీనికేమి పని యని యడుగుదురేమో. కలదు. ప్రతికులసంఘమును తన పూర్వుల కీర్తిని జెప్పుకొని సంతసించును, అది తప్పుగాదు. కాని వేదికపై వరకట్నమును ఖండించు తీర్మానమునకుఁ జేయెత్తి, యింటికేఁగి ఆ చేతితోనే కట్నము లెక్కించుకొనువాఁడు ప్రతిసంఘమునను గలఁడు. 1961లో వరకట్ననిషేధచట్టము వచ్చిన పిదపను వాఁడు అంతరింపలేదు. చట్టము పట్టుకొనలేని వానిని పట్టుకొనఁగలది హాస్యమొక్కటియే. తన్నుఁ జూచి తానే నవ్వఁగల సంఘము బాగుపడును. పొగడ్తను మాత్రమే సహించు సంఘము పొగడ్తతోడనే యుండిపోవును.

పోషకమహాశయులకు మా విన్నపమిది. పిఠాపుర ప్రభువులైన సూర్యారాయమహీపతిగారు పానుగంటివారిని ఆదరించుటయే గాక, నిఘంటువును సైతము నిర్మింపఁజేసి భాషను బ్రతికించిరి. నేఁడు అంత వ్యయము వలదు. గ్రంథకర్త గతించి ఏఁబదియేండ్లు నిండుటచే 1990వ సంవత్సరాంతముతో సాక్షిపై గ్రంథస్వామ్యము ముగిసినది, ఎవరైనను ముద్రింపవచ్చును. ఇరువది వ్యాసము లేర్చి, కఠినపదములకు అర్థములు చేర్చి, చౌకవెలకు ముద్రించి, విద్యార్థి వసతిగృహములకుఁ బంచిన చాలును. వారమున కొక్క సాయంకాలము ఒకఁడు బిగ్గరగాఁ జదువ, తక్కినవారు వినునట్లు చేయుదురు గాక. తొలుత వారు ఇతరులను జూచి నవ్వుదురు. తరువాత మనలను జూచి నవ్వుదురు. అందుకు మనము సిద్ధముగా నుండవలెను.