ఇంటిలోని మీట - వీధిలోని మనిషి

మనిషి ఆయుర్దాయం పెరగడం వైద్యశాస్త్రం సాధించిన గొప్ప విజయం. ఆ విజయం వెంట ఒక కొత్త సమస్య కూడా వచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అరవై ఏండ్లు నిండినవారు సుమారు 10.4 కోట్లమంది. పిల్లలు దూరదేశాలలో ఉద్యోగాలు చేస్తూ ఉండగా, పెద్ద ఇండ్లలో ఒంటరిగానో, దంపతులిద్దరే గానో కాలం గడిపేవారు మన నగరాలలో అనేకులు.

సికింద్రాబాదుకు ఈశాన్యంగా ఉన్న సైనిక్‌పురి చరిత్ర ఆ పేరులోనే ఉన్నది. సైన్యంలో పనిచేసి విశ్రాంతి పొందినవారు ఇండ్లు కట్టుకొన్న చోటు అది. దానికి దగ్గరలోనే 1967లో స్థాపించిన ఇ.సి.ఐ.ఎల్. కర్మాగారం ఉన్నది. అక్కడ తయారైన టెలివిజన్లు ఒకప్పుడు తెలుగు ఇండ్లలో సుపరిచితాలు. విశ్రాంత జీవులూ, యంత్రనిర్మాతలూ ఇరుగుపొరుగుగా ఉన్న ఇటువంటి చోట ఒక ప్రశ్న సహజంగా పుడుతుంది. ఒంటరిగా ఉన్న వృద్ధుడు స్నానాలగదిలో జారిపడితే, ఆ సంగతి పక్కింటికి తెలిసేదెట్లా?

ఇది చిన్న ప్రశ్న కాదు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో, ఇండ్లలో నిస్సహాయస్థితిలో కనబడిన ఒంటరివారిని గురించి జరిపిన పరిశీలన 1996లో ప్రకటితమైంది. గంటలోపల సహాయం అందినవారిలో మరణించినవారు నూటికి 12 మంది. మూడు దినాలకు మించి పడి ఉన్నవారిలో నూటికి 67 మంది! అనగా దెబ్బతో పాటు ఆలస్యం కూడా ప్రాణాంతకమే. నేలమీద కదలక పడి ఉన్న శరీరంలో నీరు తగ్గిపోతుంది. ఒత్తిడికి కండరాలు చెడి మూత్రపిండాలకు హాని కలుగుతుంది. ఊపిరితిత్తులకు జబ్బు సోకుతుంది.

సహాయాన్ని పిలిచే సాధనాల చరిత్ర టెలిఫోనుతో మొదలవుతుంది. గ్రాహంబెల్ 1876లో దానిని కనిపెట్టాడు. 1935లో లండనులో ఒక ఇల్లు అంటుకొని ఐదుగురు స్త్రీలు మరణించారు. మంటలను చూసి ఫోను చేసినవారికి టెలిఫోను కేంద్రంనుంచి వెంటనే జవాబు రాలేదు. ఆ విషాదం ఫలితంగా 1937లో 999 అనే అత్యవసర సంఖ్య అక్కడ ఏర్పడింది. అమెరికాలో 911 సంఖ్య 1968లో ప్రారంభమైంది.

కాని నేలమీద పడినవాడు టెలిఫోను దగ్గరకు పోలేడు గదా! ఈ చిక్కును విడదీయడానికి ఆండ్రూ డిబ్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1974లో అమెరికాలో 'లైఫ్‌లైన్' పద్ధతిని ప్రారంభించాడు. వృద్ధుని మెడలోనో, చేతికో ఒక మీట ఉంటుంది. నొక్కగానే అది రేడియో తరంగాన్ని పంపుతుంది. ఇంటిలోని పెట్టె దానిని గ్రహించి, తానే కేంద్రానికి ఫోను చేస్తుంది. నొక్కే శక్తి కూడా లేనివారికోసం తరువాత మరొక సాధనం వచ్చింది. మనిషి పడిపోతున్న క్షణంలో అందులోని త్వరణమాపకం దాదాపు భారం లేని స్థితిని చూపుతుంది. నేలను తాకగానే పెద్ద కుదుపును, ఆపైన నిశ్చలతను చూపుతుంది. ఈ మూడూ వరుసగా కనబడితే యంత్రం దానిని పతనంగా ఎంచుతుంది. అయినా అది పొరబడవచ్చు. మంచంమీద దభాలున కూలబడినా మోగవచ్చు, మెల్లగా ఒరిగిపోతే మోగకపోవచ్చు.

లైఫ్‌లైన్ పద్ధతిలో అసలు రహస్యం మీటలో లేదు. పిలుపు అందగానే వచ్చే మిత్రుల, పొరుగువారి పేర్లను ముందే వ్రాసి ఉంచుకోవడంలో ఉన్నది. తలుపు తీసే మనిషి లేకపోతే తరంగం ఎంత వేగంగా పోయినా ప్రయోజనమేమి?

మన ప్రాంతంలోనూ చరిత్ర ఈ దారినే నడిచింది. బెంగుళూరులో ఒక స్వచ్ఛంద సంస్థ, నగర పోలీసులు కలిసి 2002లో వృద్ధులకోసం 1090 సహాయవాణిని నెలకొల్పారు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైంది. తరువాత టాటా ట్రస్టుల తోడ్పాటుతో తెలంగాణలో ఆరంభమైన 14567 'ఎల్డర్ లైన్' 2021 అక్టోబరు 1న దేశవ్యాప్త సేవగా ప్రారంభమైంది. పింఛను సలహాలు, న్యాయ సలహాలు, మనోధైర్యం, నిరాదరణకు గురైనవారికి రక్షణ దీని పనులు. జారిపడినప్పుడు మాత్రం పిలువవలసినది 108నే. ఈ తేడా ప్రతి ఇంటివారికీ తెలిసి ఉండాలి.

అయితే అంబులెన్సు వచ్చేలోపల చేరగలిగేది పక్కింటివారే. అందుచేత కాలనీ సంఘాలు చేయదగిన పనులు కొన్ని ఉన్నవి. వృద్ధుల సమ్మతితో మారు తాళంచెవిని నమ్మకస్థుల వద్ద ఉంచడం, రక్తపోటు, మధుమేహం మందుల వివరాలు ఒక కాగితంమీద వ్రాసి పెట్టడం, నెలకొకసారి మీటను నొక్కించి బ్యాటరీని పరీక్షించడం, ఉదయం పాలపాకెట్టు గుమ్మంలోనే ఉండిపోతే తలుపు తట్టడం. వీటికి ఖర్చు స్వల్పం. సమ్మతి అన్న మాటను మరువరాదు. కాపాడే పేరుతో పెద్దల గదులలోనికి తొంగిచూసే కెమేరాలను, వారిని అడగకుండా పెట్టడం వారి గౌరవానికి భంగకరం.

యంత్రం దూరాన్ని జయించింది. పిలుపును క్షణంలో చేరవేస్తున్నది. దానికి బదులు పలకడం మాత్రం నేటికీ మనుషుల పనే.