వంశమా, విద్యా? యావ్నె పీఠం కథ

యెరూషలేం ఆలయం నిలిచినన్నాళ్లూ యూదుల్లో యాజకత్వం తొలి యాజకుడు అహరోను వంశానిదే. ఎంత చదివినా ఇతరులకు దక్కేది కాదు. క్రీ.శ. 70లో రోమన్లు ఆలయాన్ని కూల్చాక పెద్దరికం పండితులకు వచ్చింది. సుమారు 200 నాటికి కూర్చిన యూదు ధర్మసంకలనం మిష్నా, నిషిద్ధ సంబంధంలో పుట్టినా శాస్త్రం చదివినవాణ్ని చదువురాని ప్రధాన యాజకుడి కన్నా ముందు నిలిపింది.

ఆచరణ అంత సాఫీగా సాగలేదనడానికి మిష్నాపై చర్చల సంకలనమైన తాల్ముద్‌లోని యావ్నె ఘట్టమే సాక్షి. యావ్నె ఊళ్లోని విద్యాపీఠాధిపతి రబ్బాన్ గమలియేల్‌ది పేరున్న వంశం. రాత్రి ప్రార్థన తప్పనిసరా కాదా అన్న వాదంలో తనను కాదన్న రబ్బీ యెహోషువను ఆయన సభలో నిలబెట్టేశాడు. సభికులు తిరగబడి ఆయన్నే దించేశారు. తర్వాత ఎవరు? రబ్బీ అకీవా గొప్ప పండితుడే, కానీ అండగా నిలిచే పితృపుణ్యం లేదని పక్కన పెట్టారు. బైబిలులోని ఎజ్రాకు పదో తరం వాడు, విద్వాంసుడు, ధనవంతుడు అయిన ఎలాజర్ బెన్ అజర్యాను ఎన్నుకున్నారు. వయసు 18. నెరిసిన వెంట్రుక ఒక్కటీ లేదని భార్య వెనకాడితే, తలలో 18 వరుసలు తెల్లబడ్డాయట!

వంశం చూసి ఎక్కించినవాడి హయాంలోనే తలుపులు తెరుచుకున్నాయి. లోపలొకటి, బయటొకటిగా ఉండేవాళ్లను ఆపడానికి గమలియేల్ పెట్టిన కాపలాదారును తీసేశారు. కొత్త విద్యార్థులకు 400 బల్లలు వేశారని ఒక లెక్క, 700 అని మరో లెక్క. ఆ రోజే యూదా అనే అమ్మోనీయుడు యూదు సమాజంలో చేరతానన్నాడు. పదవి పోయినా సభలోనే ఉన్న గమలియేల్, అమ్మోనీయులకు ప్రవేశం లేదన్న శాస్త్రవాక్యం చూపి కూడదన్నాడు. అసీరియా రాజు సన్హెరీబు జాతులన్నిటినీ కలగాపులగం చేశాక ఎవరు ఏ జాతో ఎలా తేలుస్తామన్న యెహోషువ వాదమే నెగ్గింది.

గమలియేల్ క్షమాపణకు యెహోషువ ఇంటికి వెళ్లాడు. మసిబారిన గోడలు చూసి ఆయన చేసే పనేమిటో అప్పుడు గ్రహించాడు. పండితులు ఎలా బతుకుతున్నారో తెలియని నాయకుడివంటూ యెహోషువ చురక వేశాడు. ఎంత వేడుకున్నా కరగనివాడు, గమలియేల్ తన తండ్రి ముఖం చూసి మన్నించమనగానే మెత్తబడ్డాడు. వంశాన్ని ధిక్కరించిన గొడవ వంశం పేరుతోనే సద్దుమణిగింది. గమలియేల్ మళ్లీ గద్దెనెక్కాడు, ఎలాజర్‌కు కొంత వంతు మిగిలింది.

వంశం ప్రశ్న అక్కడితో ఆగలేదు. 12వ శతాబ్దంలో ఓబద్యా అనే మతాంతరితుడు ప్రార్థనలో ‘మా పితరుల దేవుడు’ అనవచ్చా అని అడిగితే, అబ్రాహాము నీకూ తండ్రేనని యూదు పండితుడు మైమోనిడిస్ జవాబు రాశాడు. 18వ శతాబ్దంలో సామాన్యుల ఇంట పుట్టిన బాల్ షెమ్ తోవ్ హసిదీ అనే యూదు భక్తి ఉద్యమానికి మూలపురుషుడయ్యాడు. కొన్ని తరాలకే ఆ గురుపీఠాలు చాలావరకు తండ్రి నుంచి కొడుక్కి దిగడం మొదలైంది.

ఆధునిక కాలంలో చిక్కుముడి మరింత బిగిసింది. యూదులు వచ్చి స్థిరపడే హక్కునిచ్చిన 1950 నాటి ఇజ్రాయెల్ పునరాగమన చట్టాన్ని 1970లో సవరించి, యూదుల మనవలకూ ఆ హక్కు ఇచ్చారు. మత న్యాయస్థానాలు మాత్రం తల్లి యూదురాలేనా అని చూస్తాయి. మతం మారి వచ్చిన స్త్రీకి యాజక వంశీకుడితో పెళ్లిని అవి నేటికీ ఒప్పుకోవు.